మరియరాణి ఫుమిదాయ్

మరియరాణి పొట్టిది. చదువుకోడానికి దేశం దాటొచ్చి కానింగ్ వేల్‌లో మేమిద్దరం అద్దెకున్న ఇంట్లో పై అరలోంచి పప్పు డబ్బా దించాలంటే ప్లాస్టిక్ పీట ఎక్కాల్సిందే. యూనివర్సిటీలో జపనీస్ నేర్చుకుంటున్న రోజుల్లో, దాన్ని ఫుమిదాయ్ అంటారని చెప్పి తెగ మురిసిపోయింది. ఎక్కి నిలబడే పీట అని ఒక అర్థం. పైకి రావడానికి వాడుకునే మనిషి అని ఇంకో అర్థం.

ఆ ఏడు యూనివర్సిటీ తరఫున జపాన్ వెళ్లి చదవడానికి ఒక్కటే సీటు ఉంది. మరియరాణి ప్రాణమంతా దానిమీదే. శుక్రవారాలు బాలశౌరి అంకుల్ ఇంట్లో తెలుగువాళ్ల ప్రార్థన కూటం జరిగేది. అక్కడ ఎవరి ప్రార్థన మనవి వాళ్లు అందరి ముందూ చెప్పాలి. ఈ వెర్రిబాగులది సీటు సంగతి, ఇంటర్వ్యూ సంగతి అన్నీ చెప్పేసింది.

"అక్కా, నీ కోసం నేను డైలీ ప్రే చేస్తా," అంది షీనా. తనూ అదే జపనీస్ క్లాసు. అన్నట్టే ప్రతి కూటంలో చేతులెత్తి, కళ్లనీళ్లు పెట్టుకుని ప్రార్థించేది. స్పీకింగ్ టెస్టుకి సాయం చెయ్యమని మా ఇంటికొచ్చి, మరియరాణి ఇంటర్వ్యూకి తయారుచేసుకున్న జవాబులన్నీ కంఠతా పట్టింది. "నేను మా తమ్ముడికి ఫుమిదాయ్ అవుతాను, వాడు నా మీద నిలబడి ఎదగాలి" అన్నదీ అందులో ఉంది.

ఇంటర్వ్యూలో మరియరాణి ఆ మాట అనగానే టీచర్లు మొహమొహాలు చూసుకున్నారట. "పొద్దున ఇంకొకరు కూడా ఇదే చెప్పారు," అన్నారట. సీటు షీనాకి వచ్చింది. ఆ పిల్ల అప్లై చేసిందని అప్పుడే మాకు తెలిసింది. షీనాకి అసలు తమ్ముడే లేడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "టీచర్‌కి మెయిల్ పెట్టవే," అన్నాను.

"ఎవరు నమ్ముతారే? ముందు చెప్పింది తనే కదా," అంది మరియరాణి. "అప్లై చేస్తే చేసింది. నా పక్కనే మోకరించి నా కోసం ఏడ్చింది చూడు, అది తట్టుకోలేకపోతున్నా," అని పీటమీదే కూలబడింది.

తర్వాతి శుక్రవారం కూటంలో, దేవుడు తనకి చేసిన మేలు గురించి షీనా సాక్ష్యం చెప్పింది. దేవుడు తనకి తలుపు తెరిచాడట. అంకుల్‌కి ఏమీ తెలియదు. "మరియరాణీ, చెల్లి ప్రయాణం కోసం నువ్వే ప్రార్థన చెయ్యమ్మా," అన్నాడు.

మరియరాణి లేచి కళ్లు మూసుకుంది.

"ప్రభువా, నేను నేర్పిన మాటలన్నీ షీనాకి అక్కడ గుర్తుండేలా చెయ్యి. తనకి లేని తమ్ముణ్ణి కూడా చల్లగా చూడు."

అలవాటు కొద్దీ అందరూ ఆమెన్ అన్నారు. షీనా అనలేదు.