మంచిగా వచ్చిన కరెంటు

నాకు మనుషుల మాటల కన్నా అంకెల మీదే గురి ఎక్కువ. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బస్సుల్లో తిరుగుతూ కరెంటు కొలవడం నా ఉద్యోగం. మా చిన్న కంపెనీకి ఉన్నది ఒక్కటే పవర్ అనలైజరు. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. దాని క్లాంపులు మూడు ఫేజుల వైర్లకు తగిలించి తాళం వేసి వస్తే, వోల్టేజి ఎంత ఉందో, మోటారు ఎంత లాగుతోందో నిమిషం నిమిషం తన కార్డులో దాచుకుంటుంది. దానికి మొహమాటం లేదు, మరుపు లేదు అని ఎక్కడికెళ్ళినా గొప్పలు చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పను.

ఆ యాసంగిలో ఆత్మకూరు అవతల ఒక ఊరికి పంపారు. లైను చిట్టచివర ఒకామె బోరు. భర్త లేడు. ఉన్న కాస్త పొలంలో వరి వేసింది. లైనులో ఆమెకు ముందున్న మోటార్లన్నీ నడిస్తే ఆమె దాకా వోల్టేజి చాలదు. మోటారు మూలుగుతూ కాలిపోతుంది. ఆ పంటకే రెండుసార్లు వైండింగు చేయించింది. తన వైపు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు కావాలని కరెంటాఫీసులో అర్జీ పెట్టుకుంది. అది రావాలంటే వోల్టేజి పడిపోతున్నట్టు మా రికార్డులో కనబడాలి. వరేమో పొట్టకొచ్చింది.

ఆమె స్టార్టరు డబ్బాలో మిషను బిగిస్తుంటే పక్క పొలాల వాళ్ళు మూగారు. "రోజూ ఎట్ల నడిపిస్తరో గట్లనే నడిపియ్యుండ్రి. దీన్ని మాత్రం ముట్టకుండ్రి" అన్నాను. అందరూ తలలూపారు. నేనూ నమ్మాను.

నాలుగు రోజుల తర్వాత వెళ్ళి, గట్టు మీద కూర్చుని, కార్డులో ఉన్నదంతా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాను. తాడు పట్టి గీసినట్టున్నాయి గీతలు. వోల్టేజి ఎక్కడా పడలేదు. దొంగ అర్జీ పెట్టి ఇంత దూరం తిప్పిందని ఒళ్ళు మండింది.

"ఏందమ్మా, నీ కరెంటు బంగారమోలె ఉన్నది గదా?" అన్నాను.

ఆమె మొహం వెలిగిపోయింది. "మంచిగ వచ్చిందా సారు?"

పక్క పొలం పెద్దాయన నవ్వుకుంటూ వచ్చాడు. "ఎందుకు రాదు సారు? నాలుగు దినాల సంది మా మోటార్లన్నీ బంద్ పెట్టినం. మిషన్ల చెడ్డగ వస్తే ఈ బోరుకు ట్రాన్స్‌ఫార్మర్ దండుగని రాస్తరేమోనని భయమైంది. చెల్లె పని గావాలె గదా."

తిట్టడానికే నోరు తెరిచాను. అప్పుడు కనబడింది ఆయన మడి. నెర్రెలిచ్చి ఉంది. దాని పక్క మడీ అంతే. ల్యాప్‌టాప్ మూసి లేచాను.

ఇంకో నాలుగు రోజులు మిషను ఉంచనివ్వమని మా ఆఫీసుకు ఫోన్ చేశాను. మరునాటికి అది కల్వకుర్తిలో ఉండాలన్నారు. జరిగింది చెప్తే, "అది రికార్డులో ఉందా?" అని అడిగారు. లేదు. ఆమె స్టార్టరు దగ్గర పెట్టిన మిషనుకు ఆమె మోటారు నడిచిన సంగతే తెలుస్తుంది, పక్కవాళ్ళవి ఆగిన సంగతి తెలియదు. ఉన్న విషయం రిపోర్టు చివర రాసి పంపాను. ఎవరూ చదివినట్టు లేదు. అర్జీ కొట్టేశారు. ఆ ఫైలు నా దగ్గర ఇంకా ఉంది. ఎవరికి చూపించినా కరెంటు బాగుందనే అంటారు.

వానాకాలం ముందు వనపర్తి బస్టాండులో ఆమే నన్ను గుర్తుపట్టి పలకరించింది. కొన్నాళ్ళు అందరూ వంతులు పెట్టుకుని మోటార్లు నడిపి చూశారట. ఎండలు ముదిరాక ఎవరి నీళ్ళు వాళ్ళకే చాలలేదట. ఆమె మోటారు మళ్ళీ కాలింది. గింజ పట్టకముందే మడి ఎండిపోతే గొర్లకు విడిచిపెట్టింది. ఇదంతా కోపం లేకుండా చెప్పింది. కోప్పడినా బాగుండేది.

"మిషన్ల మంచిగనే వచ్చె గద సారు. మరి ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకియ్యలే?" అని అడిగింది.

మంచిగా వచ్చింది కాబట్టే ఇవ్వలేదని చెప్పాలి. చెప్తే, తమ మడులు ఎండబెట్టుకున్నవాళ్ళే ఆమె పంట పోగొట్టారని చెప్పినట్టు. రేపు ఆ పెద్దాయన ఎదురైతే ఏ మొహంతో అన్నా అని పిలుస్తుంది?

"మా మిషనే సరిగ్గ కొలవలేదమ్మా" అన్నాను.

"గట్లనా" అని బస్సు వచ్చే దిక్కు చూసింది. బస్సు రాగానే సంచి అందుకుంటూ అంది, "పోనీ తియ్యి సారు. మావోళ్ళు మాత్రం నాకోసం మస్తు చేసిండ్రు."