హాయ్ చెప్పిన షుగర్ మిషన్

ఇంగ్లీషు రానివాడు మహా అయితే తప్పు బస్సెక్కుతాడు. నేను ఏకంగా ప్రాణం మీదికి తెచ్చాను. ప్రాణం పిల్లిది, ఘనత నాది.

మా రమణక్క పిల్లి చిట్టెమ్మకు షుగర్. అక్క బుచ్చిరెడ్డిపాలెంలో కూతురి దగ్గరికి నాలుగు రోజులు వెళ్తూ, జువ్వలదిన్నెలో ఇంతమంది ఉండగా దాన్ని నాకే అప్పజెప్పింది. రెండు పూటలా చెవి అంచున చుక్క రక్తం తీసి మిషన్‌కు పెట్టాలి, నంబరు ఫోన్లో చెప్పాలి, ఇన్సులిన్ సూది వెయ్యాలి. "తిండి మానేస్తే మూత్రంలో కీటోన్ పట్టీ ముంచి చూడు. వంకాయ రంగుకు తిరిగిందా, ఆలస్యం చెయ్యబాక. కావలి డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తు," అంది.

మొదటి రోజు నంబర్లు బాగానే వచ్చాయి. రెండో రోజు పొద్దున మిషన్ మీద నంబరు లేదు, రెండే రెండు ఇంగ్లీషు అక్షరాలు. ఏడో తరగతిలో బడికి దణ్ణం పెట్టిన నాకు చదవడం వచ్చిన ఇంగ్లీషు మాట అదొక్కటే, ఫోన్లో రోజూ చూసేదే. హాయ్. ఎంత మర్యాద గల మిషనో అనుకుని నేనూ హాయ్ చెప్పాను.

అక్క ఫోన్ చేసింది. "ఎంత చూపించిందిరా?"

"నంబరు లేదక్కా. హాయ్ అంటా ఉండాది."

"నీ ఎగతాళి నీ దగ్గర పెట్టుకో," అని నవ్వి పెట్టేసింది. పుట్టినప్పటి నుంచీ పరాచికాలాడినవాడు ఒక్కసారి నిజం చెబితే ఇంతేనండీ. సాయంత్రమూ హాయే, అక్క నవ్వూ అదే. మర్నాడు పొద్దునా హాయే.

అప్పుడే గమనించాను, చిట్టెమ్మ గిన్నెలో వేసిన కవళ్ల చేపల వంక చూడలేదు. చేప కోసం నా కాళ్లు చీరేసే పిల్లి, కక్కుకుని, నీళ్లగిన్నెలో మూతి పెట్టి కూలబడింది. ఖాళీ తట్టలో ఉచ్చ పోయించి పట్టీ ముంచాను. చూస్తుండగానే గులాబీ, ఆపైన వంకాయ. ముదురు వంకాయ.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. షుగర్ ఎంత అని అడిగింది.

"హాయ్ అంటా ఉండాది మేడం."

"ఎప్పట్నుంచి?"

"నిన్న పొద్దుట్నుంచి."

"అది హాయ్ కాదయ్యా, హై. మిషన్ కొలవలేనంత ఎక్కువని. ఉన్నపళంగా తీసుకురా."

అప్పుడు నా ఒంట్లో వెతికినా చుక్క రక్తం దొరికేది కాదు. చేపల బుట్టలో గుడ్డ పరిచి దాన్ని పడుకోబెట్టి బండి తీశాను. అంత చేప వాసనలోనూ ముక్కు ఎత్తలేదది. కావలి దాకా ఒక చెయ్యి బుట్టలోనే ఉంచి, ఊపిరి తగులుతోందో లేదో చూసుకుంటూ పోయాను.

పంట్లో చీము పట్టి షుగర్ ఎగబాకిందట. సెలైన్ పెట్టారు. అక్క బస్సు దిగి వచ్చి పక్కన కూర్చుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గంటకోసారి చెవి గుచ్చుతున్నారు. హాయ్. మళ్లీ హాయ్. నాలుగోసారి డాక్టరమ్మ మిషన్‌ను మా వైపు తిప్పింది. ఐదు వందల ఎనభై. బళ్లో ఏ అంకె చూసీ నేనంత సంతోషపడలేదు.

మూడో నాటికి చిట్టెమ్మ లేచింది. ఆనందం పట్టలేక చెయ్యి చాపితే, మోచేతి దాకా నాలుగు గీతలు గీసింది. అక్క అప్పటికి నోరు విప్పింది.

"హాయ్ చెప్తా ఉండాదిరా."

ఆ నాలుగు గీతల సాక్షిగా ప్రమాణం చేశాను. బొందిలో ప్రాణముండగా ఎవరికీ హాయ్ చెప్పను, ఎదురుపడితే నమస్కారమే. మీరెవరైనా ఫోన్లో నాకు హాయ్ పెట్టారో, బుట్ట పట్టుకుని మీ ఇంటికే వస్తాను.