పొయ్యి మీద కాచిన బాణాలు

ఇరవై ఏళ్ల వయసులో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. అప్పటి నన్ను ఇప్పుడు ఎవరైనా పట్టుకొచ్చి ఎదురుగా నిలబెడితే, రెండు మొట్టికాయలు వేశాక గానీ కాఫీ ఇవ్వను. హోసూరులో పాలిటెక్నిక్ చదువుతూ విలువిద్య నేర్చుకుంటున్నానని, వేప్పనపల్లి దగ్గర మా ఊళ్లో నాకు పెద్ద పేరు. (నేను బాణం వేయగా అక్కడెవరూ చూడలేదు, అందుకే ఆ పేరు నిలిచింది.) ఆదివారం కృష్ణగిరిలో జిల్లా జట్టుకు ఎంపిక. అందులో చోటు కోసం రెండేళ్లుగా భుజాలు అరగదీసుకున్నాను. సరిగ్గా ఆ వారమే నా ఆరు అల్యూమినియం బాణాల్లో మూడు గురి తప్పి, బండకు తగిలి వంగిపోయాయి.

వంపు తీయడానికి మా కోచ్ దగ్గర ఒక పరికరం ఉండేది. ఇనప చట్రం, బాణం దొర్లడానికి రెండు చక్రాలు, వంపు ఎంతో చూపించే ముల్లున్న డయల్, నొక్కడానికి ఒక పిడి. ఆయన బాణాన్ని తిప్పి, ముల్లు చూసి, పిడిని నలుసంత నొక్కి, మళ్లీ తిప్పేవాడు. ఒక్కో బాణానికి అరగంట. "శుక్రవారం రాప్పా, నువ్వే చేద్దువు, నేను పక్కనుంటా. తొందరపడితే ఇంకో పక్కకు వంగుతాది," అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మా నాయన గొర్రెలు తోలే వెదురు కర్రను మంట మీద కాచి, మోకాలికి ఆనించి, బీడీ తాగినంత సేపట్లో తిన్నగా చేసేవాడు. ముచ్చటగా మూడు బాణాలకు ఇంత తతంగమా అనుకుని, శుక్రవారం హాయిగా మా ఊరి బస్సెక్కాను.

నాయన మందతో పోయిన వేళ చూసి పొయ్యి రాజేశాను. బాణాలు కాస్త వేడెక్కగానే మొనలు జారి బూడిదలో పడ్డాయి. (వాటిని లోపల జిగురుతో అతికిస్తారని నాకు తెలియదు. తెలియని విషయాలు ఉండేవి కావని ముందే చెప్పాను కదా.) వెతికి తీసి, తిరిగి దూర్చి, మోకాలికి ఆనించి వంపు తీశాను. కంటికి తిన్నగానే కనబడ్డాయి. మహా మురిసిపోయాను.

ఆదివారం కాచిన మూడింట్లో ఒకటి నేలలో దిగింది, రెండు ఎలాగో లక్ష్యానికి తగిలాయి. లాగితే బాణాలు వచ్చాయి, మొనలు రాలేదు. పొయ్యి వేడికి మెత్తబడిన ఆ అల్యూమినియం గొట్టాలు నా చేతిలోనే మునక్కాయల్లా వంగాయి. కోచ్ ఒకదాన్ని తీసుకుని వాసన చూశాడు.

"పొయ్యిలో పెట్టినావా?"

"పెట్టినాను సార్."

"పక్కకు రాప్పా. ఎనకాల వాళ్లు కాచుకోనుండారు."

అంతటితో నా ఎంపిక ముగిసింది. సాయంత్రం ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. ఆయన బాణాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పచ్చి కర్రనే కాల్చేదిరా. ఎండిందాన్ని కాలిస్తే పగులుతాది. నన్నడిగుంటే చెప్పుందును కదా," అన్నాడు. "మీ సారు ఏం జెప్పినాడు?"

"శుక్రవారం రమ్మన్నాడు."

"మరి ఈడికెందుకు వచ్చినావు?"

అంటే కోచ్ విద్యే కాదు, పుట్టినప్పటి నుంచి చూస్తున్న మా నాయన విద్య కూడా నాకు రాదన్నమాట. ఇప్పుడు సూళగిరిలో ఒక ఫ్యాక్టరీలో ఇనప షాఫ్టుల వంపు తీస్తున్నాను. అవే చక్రాలు, అదే ముల్లు, కాస్త పెద్ద పిడి. నలుసంత నొక్కి, తిప్పి, మళ్లీ చూస్తాను. ఒక్కోదానికి అరగంట పడుతోందని సూపర్‌వైజర్ గొణుగుతాడు. గొణగనీ. ఇన్నేళ్లలో శుక్రవారం పూట మాత్రం నేను ఒక్క రోజూ నాగా పెట్టలేదు.