పద్నాలుగో నంబరు పచ్చ టిక్కు

మా ఆఫీసులో ఆవిడను జడ్జిగారు అనేవాళ్లం. ఎదురుగా కాదు, అంత ధైర్యం ఎవరికుంది? చేతిలో పట్టుకుని ఆడుకునే గేమింగ్ మెషీన్ల మీద ఏ ఆట సరిగ్గా నడుస్తుందో, ఏది నడవదో తేల్చడం మా పని. చక్కగా నడిస్తే పచ్చ టిక్కు, తంటాలు పడుతూ నడిస్తే పసుపు, అసలు నడవకపోతే బూడిదరంగు. జనం ఆ టిక్కు చూసే ఆటలు కొంటారు. అక్షరాలు కాస్త చిన్నగా కనిపించినా జడ్జిగారు పసుపు పెట్టేసేది. మేం రోజుకు నాలుగు ఆటలు తేలిస్తే ఆవిడ ఒకటి తేల్చేది. సూపర్‌వైజరు విసుక్కుంటే, "టిక్కు కింద పడేది నా నంబరండీ, మీది కాదు" అనేది. ఆవిడ నంబరు పద్నాలుగు.

ఆవిడ తమ్ముడికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ కుర్చీలో పడి ఉండాలి. ఒక చెయ్యి సూదులకు అప్పగించాక దాన్ని కదపకూడదు. రెండో చేత్తో ఎంతసేపని పుస్తకం పట్టుకుంటాడు? అందుకని ఆవిడ ఒక మెషీను తెచ్చిచ్చింది. ఒక్క బొటనవేలితో ఆడగలిగే ఆట కోసం జాబితా అంతా గాలించి, సరస్సులో పడవ నడిపే ఆటను తనే పరీక్షించి, పచ్చ టిక్కు పెట్టి మరీ ఇచ్చింది.

మొదటి వారమే తమ్ముడు, "అక్కా, ఆస్పత్రిలో పది నిమిషాలకే ఆగిపోతోందే" అన్నాడు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట నీలాంటివాడే! మూడు రోజులు ఆడి చూశానురా నేను. ముందు నీ వేలు సంగతి చూసుకో" అని నవ్వేసింది. అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మూడు నెలలకు, రోజూ అతని వెంట వెళ్లే మరదలికి జ్వరం వచ్చి, అతనికి తోడుగా జడ్జిగారే వెళ్లింది.

"ఆ అక్క మీరేనా?" అంది నర్సు. "మా అక్క టిక్కు పెట్టిన ఆట అని పక్క కుర్చీల వాళ్లందరికీ చూపిస్తాడండీ. వచ్చినప్పటి నుంచి వెళ్లేదాకా దాన్ని వదలడు."

పొట్ట మీద దిండు, దిండు మీద మెషీను. తమ్ముడి బొటనవేలు ఆడుతూనే ఉంది. దుప్పటి సర్దుదామని వంగిన ఆవిడకు తెర కనిపించింది. పడవ సరస్సు మధ్యలో బిగుసుకుపోయి ఉంది. నీళ్లు కూడా కదలడం లేదు.

"ఎన్నాళ్ల నుంచిరా ఇలా?"

"మొదట్నుంచీ."

"మరి ఆడుతున్నట్టు ఈ నాటకమేమిటి?"

"అందరికీ గొప్పగా చెప్పుకున్నాను కదక్కా" అన్నాడు. "నువ్వు పెట్టిన టిక్కు."

ఆ కుర్చీ దగ్గర అతనికి దొరికే ప్లగ్గు లేదు. ఉన్నవన్నీ డయాలసిస్ యంత్రాలకే సరి. మా బల్లల మీదేమో మెషీన్లకు చార్జింగ్ కేబుల్ ఎప్పుడూ తగిలించే ఉంటుంది. మధ్యలో చార్జింగ్ అయిపోతే పని ఆగుతుందని ఎవరో ఏనాడో మొదలుపెట్టిన అలవాటు. కేబుల్ ఉంటే మెషీను పూర్తి బలంతో పనిచేస్తుంది, తీస్తే బ్యాటరీ ఆదా కోసం తగ్గిపోతుంది. చేతిలో పట్టుకుని తిరగడానికి చేసిన వస్తువును గోడకు కట్టేసి పరీక్షించాం. మాకు బుద్ధి లేదు సరే, అక్షరాల సైజు కొలిచే జడ్జిగారికి కూడా తట్టలేదు.

రెండు వారాలు పని అయ్యాక కూర్చుని, కేబుల్ పీకేసి, తను తేల్చినవన్నీ మళ్లీ చూసింది. అరవై మూడు పచ్చ టిక్కులు పసుపుకు దిగాల్సినవని తేలింది. జాబితా తీసుకెళ్లి సూపర్‌వైజరు ముందు పెట్టింది.

"ఇవి మారిస్తే మిగతావాళ్లవీ మార్చాలి. ఇక మన టిక్కును ఎవరు నమ్ముతారమ్మా?"

"పోనీ ఆ పడవ ఆట ఒక్కటి మార్చండి."

"ఒక్కటి మారిస్తే మాత్రం ఎందుకని అడగరా?" అని ఆగాడు. "మీ తమ్ముడి వైద్యం మన ఆఫీసు బీమాతోనే కదూ నడుస్తోంది? ఎలా ఉన్నాడిప్పుడు?"

ఎంత మెత్తగా అడిగాడో! పక్క బల్ల దగ్గర నేను అంతా విన్నాను. నోరు మెదపలేదు. మార్చాల్సిన టిక్కులు నావీ ఉన్నాయి కదా. నామీద నాకే అసహ్యం వేసింది, అయినా తల వంచుకుని నా ఆట ఆడుతూనే ఉన్నాను. జడ్జిగారు జాబితా మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆ తర్వాతి వారం తమ్ముడి కుర్చీ వెనక నిలబడి, "మార్పించానురా, పసుపు పెట్టించాను" అని చెప్పిందట. అతను వెంటనే మెషీనులో జాబితా తెరిచాడు. పడవ ఆట పక్కన పచ్చ టిక్కు, కింద పద్నాలుగు. వెనక నుంచి ఆవిడకూ కనిపిస్తూనే ఉంది.

"అవునక్కా, పసుపే" అన్నాడు తమ్ముడు.

ఇది నాకు చెప్పి, జడ్జిగారు కేబుల్ తగిలించి కొత్త ఆట మొదలుపెట్టింది. ఆ రోజు నాలుగు తేల్చింది.