పిడికెడు జొన్నలకు ఫొటోలు లేవు

మా చిన్నప్పుడు... నారాయణఖేడ్‌లో మా వాడ ఆడవాళ్లు జొన్నలు చెరిగి పిండి గిర్నీకి పంపేముందు, చాటలోంచి ఒక పిడికెడు తీసి చిన్న మట్టి గురిగిలో వేసేవారు. అది దేవుని పిడికిలి. ఇంట్లో గింజలు అడుగంటినా సరే, అది మాత్రం తప్పేది కాదు. మా అమ్మ పిడికిలి కాస్త పెద్దది...

"ఏమే, మనకంటె దేవునికే ఆకలి ఎక్కువున్నట్టుంది గదా!" అని నాన్న ఉడికించేవాడు.

ఆదివారం ఆ గురిగులన్నీ చర్చికి వచ్చేవి. చర్చి అంటే నాలుగు గోడలు, పైన రేకులు... ఎండాకాలం ఉడికిపోయేవాళ్లం. ఆరాధన అయ్యాక జొన్నలన్నీ ఒక గోనెసంచిలో పోసి, అయ్యగారు దాన్ని సైకిలుకు కట్టుకునేవారు. మా పాస్టరును అందరం అయ్యగారనే పిలిచేవాళ్లం.

ఎవరింటికి వెళ్లేవి ఆ జొన్నలు? ఆ వారం పొయ్యి వెలగని ఇంటికి. వాళ్లు చర్చికి వస్తారా, గుడికి వెళ్తారా అని అడిగినవాళ్లు లేరు. ఎవరింట్లో పస్తులో బోరింగు దగ్గర నీళ్లు పట్టుకునే ఆడవాళ్లకు తెలియకుండా ఉంటుందా!

అయితే ఒక పద్ధతి ఉండేది... ముందు వాకిట్లో నిలబడి పిలవకూడదు. ఇంటి వెనక నుంచి వెళ్లాలి. గింజలు వాళ్ల గంపలో పోసి, ఖాళీ సంచి మడిచి వెంట తెచ్చుకోవాలి. చర్చి సంచి వాళ్లింట్లో కనిపిస్తే నలుగురికీ తెలిసిపోతుందని.

అక్కడ ప్రార్థన కూడా చేసేవారు కాదు. సంఘపెద్ద ఒకాయన దానికి తప్పుపట్టాడు. అయ్యగారు ఒకటే మాటన్నారు. "ముందుగాల తిననియ్యి. కడుపు కాలేటోళ్లతోని ఆమెన్ అనిపిచ్చుడు గూడ ఒక సేవేనా?"

మా వాడలోనే ఈరమ్మత్త ఉండేది (అసలు పేరు రాయను). భర్త హైదరాబాదుకు కూలికి పోయి, బిల్డింగు పనిలో పైనుంచి పడి చనిపోయాడు. ఆ ఎండాకాలమంతా ఆమెకు ఆ జొన్నలే దిక్కు. ఒకసారి అయ్యగారితో పాటు అమ్మా నేనూ వెళ్లాం. ఆమె అప్పటికప్పుడు ఇంట్లో మిగిలిన పిండితో రొట్టెలు చేసి, ఎల్లిపాయ కారం వేసి మా ముందు పెట్టింది.

"మీరు తింటెనే నేను తీసుకుంట వదినె. లేకుంటె నాకొద్దు" అంది అమ్మతో.

తిన్నాం. అయ్యగారయితే ఇంకొకటి అడిగి మరీ తిన్నారు. అప్పుడు ఆమె ముఖంలో కనిపించిన నిమ్మళం నాకింకా గుర్తుంది. వానలు పడి కూలి దొరికాక, ఎవరూ పిలవకుండానే ఆమె కూడా తన గురిగి పట్టుకుని చర్చికి వచ్చి మా పక్కన కూర్చుంది.

ఇప్పుడు ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే... మొన్న క్రిస్మస్‌కు అమ్మను తీసుకుని అదే చర్చికి వెళ్లాను.

రేకులు పోయి బిల్డింగు లేచింది. లేవనీ... మంచిదే. కానీ స్టేజీ మీద ఆ పెళ్లికొడుకు సోఫా ఎవరికి? కొత్త పాస్టరుకు. బయట ఆయన పెద్ద కారు, దాని వెనక అద్దం మీద "దేవుడిచ్చిన బహుమానం" అని రాత. ప్రసంగమంతా ఒకటే పాట... బంగళా వస్తుంది, కారు వస్తుంది, నమ్మితే చాలు! పశువుల పాకలో పుట్టిన ప్రభువు పండుగనాడు చెప్పే మాటలా ఇవి?

తర్వాత "సేవా కార్యక్రమం". బియ్యం సంచుల మీద పాస్టరు ముఖం అచ్చు వేయించారు... పళ్లన్నీ కనిపించేలా. మైకులో ఒక్కొక్కరినీ పిలిచారు. "ఈరమ్మ... భర్త లేడు, చూసేవాళ్లు లేరు, పస్తులుంటున్నది!" ఊరంతా విన్నది.

నడుం వంగిన ఈరమ్మత్త, కొంగు ముఖం మీదికి లాక్కుని మెట్లెక్కింది. సంచికి ఆ చివర పాస్టరు, ఈ చివర ఇద్దరు పెద్దమనుషులు... మధ్యలో ఆమె. ఫొటో తీశారు. తీరా చూస్తే సంచి తిరగేసి పట్టుకున్నారట, పాస్టరు ముఖం తలకిందులైంది! ఆమె చేతుల్లోంచి సంచి లాక్కుని, తిప్పి మళ్లీ పట్టించారు.

"అమ్మా, కొంగు తియ్యి. మొఖం కనిపిస్తలేదు" అన్నాడు ఫొటోగ్రాఫర్.

తీసింది పాపం. ఫొటో అయిపోయింది. అప్పుడామె సంచిని మెల్లగా పాస్టరు కాళ్ల దగ్గర పెట్టేసింది.

"నాకు పస్తు అలవాటే బిడ్డా... గిట్ల నిలవడుడు అలవాటు లేదు."

అనేసి మెట్లు దిగి వెళ్లిపోయింది. పాస్టరు మైకులో నవ్వి "హల్లెలూయా" అన్నాడు. నా వెనక కూర్చున్నావిడ "తిన తిండి లేదు గని, ముసల్దానికి ఎంత పొగరు!" అంది. ఛీ... మెడలో సిలువ వేసుకుని అనే మాటా అది?

అమ్మ లేచింది. "పా... ఇగ ఈడ కూసోను నేను."

బయట ఈరమ్మత్తను అందుకుని, చెయ్యి పట్టుకుని నడిచింది. ఆ పూట ఆమె ఎవరింట్లో తిన్నది, ఏం తిన్నది... అది ఇక్కడ రాయను.

సాయంత్రం ఫోన్ తెరిస్తే చర్చి పేజీలో ఆ ఫొటోనే ఉంది. "దిక్కులేని వితంతువు ఆకలి తీర్చిన వేళ" అట! కొంగు తీసిన ఆ ముఖం కింద వరసగా ఆమెన్, ఆమెన్, ఆమెన్... ఆ బియ్యం సంచి మాత్రం ఆమె ఇంటికి చేరనే లేదు.

మీ ఊళ్లో ఇంకా చప్పుడు చేయకుండా పెట్టే చేతులు ఉంటే చెప్పండి... వినాలని ఉంది. తీసుకున్నవాళ్ల పేర్లు రాయకండి. ఫొటోలు అస్సలు పెట్టకండి.