రెండూళ్ళకూ ఒకే రాయబారి

ఐరోపా దౌత్య చరిత్ర పాఠం చెప్పేటప్పుడు నాకు తల తిరుగుతుంది. చింతపల్లిలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పే గెస్టు లెక్చరర్ని కాబట్టి చెప్పక తప్పదు. నిన్న మిత్రులైన రాజులు ఇవాళ శత్రువులు, రేపు మళ్ళీ వియ్యంకులు. బోర్డు మీద ఆ ఖండం పటం గీసి, ఎవరు ఎవరి వైపో బాణాలు వేస్తూ పోతే చివరికి బాణాలే మిగులుతాయి, దేశాలు కనబడవు. ఒకరోజు వెనక బెంచీలో అమ్మాయి లేచి, "ఆల్లందరూ సుట్టాలే కదా మేడమ్, మరి యుద్దాలేటి?" అనడిగింది. తెలిసినట్టే మొహం పెట్టి, వచ్చే క్లాసులో చెబుతానన్నాను.

ఆ క్లాసు రాకముందే మాకు నీళ్ళ తగువు వచ్చిపడింది.

మా ఊరు కొండ కింద. అమ్మ పుట్టిన ఊరు కొండ పైన. మధ్యలో ఒక ఊట ఉంది. పైవాళ్ళు దిగొచ్చి ఊట పక్క చెలమలో ముంచుకుంటారు. మేం తొట్టి కట్టి, పైపు వేసి, నీళ్ళు కిందికి దింపుకున్నాం. ఈసారి వానలకు తొట్టి పూడిపోతే మా ఊరివాళ్ళు పైకి కబురైనా పెట్టకుండా వెళ్ళి ఊట నోరు తవ్వేశారు. చెలమంతా బురదైంది. పైవాళ్ళకు ఒళ్ళు మండి మా పైపు పీకి పొదల్లో పారేశారు. తప్పు ఎవరిదంటే నన్నడక్కండి. ఇటు వింటే ఇటు, అటు వింటే అటు నిజమే అనిపిస్తుంది నాకు.

ఇలాంటి తగువులకు మా రెండూళ్ళ మధ్య ఒక కట్టుబాటు ఉంది. తేలేదాకా ఒక ఊరివాళ్ళ చేతి ముద్ద, నీళ్ళు రెండో ఊరివాళ్ళు ముట్టకూడదు. ముట్టుకుంటే ఇద్దర్నీ వెలివేసినట్టు చూస్తారు. ఆ కట్టుబాటు గట్టిగా తగిలింది మా అమ్మకే. కొర్రకొత్త పండగ ముంచుకొస్తోంది. కొత్త కొర్రలు వండి దేవతకు పెట్టాక, ముందు ఆడపడుచు తింటేగానీ మా మామ ముద్ద ఎత్తడు. పెళ్ళయినప్పటి నుంచి అమ్మ ఆ పండక్కి పుట్టింటికి వెళ్ళని ఏడాది లేదు. "నాకున్నది ఒక్క అన్నే కదే," అని పొయ్యిలోకి చూస్తూ అనేది. పొగ వల్లే కళ్ళు చెమర్చాయని నన్ను నమ్మమనేది.

ఒకరోజు అన్నం వారుస్తూ, "రాయబారం నువ్వే ఎల్లాలంతన్నారే పెద్దలు," అంది. రెండూళ్ళకూ చుట్టమైన మనిషే రాయబారానికి పనికొస్తుందని మావాళ్ళ లెక్క. సరేనన్నాను. మర్నాడు షేర్ జీపులో వెళ్తుంటే ఘాటు మలుపులో సిగ్నల్ తగిలి మామ ఫోనొచ్చింది. "కోడలా, రాయబారం నువ్వే సెయ్యాలి. అందరం నిన్నే అనుకున్నాం." "తెలుసు మామా, ఒప్పుకున్నాను కదా," అన్నాను. జీపు మలుపు తిరిగింది, సిగ్నల్ పోయింది. రెండు కబుర్లూ ఒకటేననుకున్నాను నేను.

సంత లేని రోజు చూసి ఊట దగ్గర కూర్చున్నారు. ఇటు మా ఊరు, అటు పై ఊరు. రెండు గుంపుల ముందూ రాయబారికి చోటు వదిలారు. నేను మావాళ్ళ ముందు కూర్చున్నాను. పై ఊరి పెద్ద చాలాసేపు చూసి, "మీ మనిషేడి?" అన్నాడు. "ఇదిగో. మరి మీ మనిషేడి?" అన్నాడు మా పెద్ద. ఇద్దరి వేళ్ళూ నా వైపే ఉన్నాయి.

దేశాలు రాయబారికి అధికార పత్రం ఇచ్చి మరీ పంపుతాయని నేనే పిల్లలకు చెప్పాను. అది ఎందుకో ఆ రోజు నాకు తెలిసొచ్చింది. "ఇంకొకర్ని పెట్టుకోండి బాబూ," అని దండం పెట్టాను. కుదరదన్నారు. ఒప్పుకున్న రాయబారి తగువు తేలేదాకా దిగకూడదట. ఆ ఒక్క మాట మీద రెండూళ్ళూ ఏకమయ్యాయి.

ఇక నా అవస్థ చూడాలి. ఇటు కూర్చుని, మా ఆడవాళ్ళు నీళ్ళకు గెడ్డ వాగు దాకా బిందెలు మోస్తున్నారని చెప్పాను. లేచి అటు వెళ్ళి, మాకో మాటైనా చెప్పకుండా ఊట తవ్వడమేమిటని నిలదీశాను. ఇటొచ్చి జవాబిచ్చాను. అలా తిరిగి తిరిగి, పై ఊరి చోటులో కూర్చుని, "మా పైపు ఎందుకు పీకారు?" అని గట్టిగా అడిగేశాను. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. మామ నవ్వలేదు. వెనక ఆడవాళ్ళలో కూర్చున్న అమ్మనే చూస్తున్నాడు. చివరికి పెద్దలు విసిగిపోయి, పండగయ్యాక మళ్ళీ కూర్చుందామన్నారు. పండగయ్యాకట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఏ ఊరి మీద కోప్పడాలో తెలియలేదు.

పండగనాడు అమ్మ కొత్త చీర కట్టుకుని, "పుట్టగొడుగులేరుకొద్దాం రాయే," అంది. కొత్త చీరతో పుట్టగొడుగులేమిటో నాకు అర్థం కాలేదు. బుట్ట కూడా తీసుకోలేదు. ఊట దాకా ఎక్కేసరికి మామ అడ్డాకులో కట్టిన కొర్రన్నం పొట్లంతో కూర్చుని ఉన్నాడు.

"బేగి తినీయే," అన్నాడు. అమ్మ తింది. గబగబా తినబోయి పొలమారింది. మామ రెండు చేతులతో ఊట నీళ్ళు పట్టి ఇస్తే ఆ దోసిట్లోనే తాగింది. మిగిలిన మెతుకులు మామ నోట్లో వేసుకున్నాడు. అప్పుడిద్దరూ నా వైపు తిరిగారు. ఇంతసేపూ నేనక్కడున్నానన్న సంగతే మరిచిపోయారు. నాకు ఏడుపొచ్చింది. ఎవరి తరఫునో తెలియదు.

పండగయ్యాక మళ్ళీ కూర్చున్నారు. మాట మొదలవకముందే రాయబారుల్ని అడగడం ఆనవాయితీ: "కట్టుబాటు ఎవరన్నా తప్పారా?" మామ నేల చూస్తున్నాడు. అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా ఊళ్ళో ఎవరూ తప్పలేదు," అన్నాను.

లేచి, ఊట దాటి, అటువైపు వెళ్ళి కూర్చున్నాను.

"మా ఊళ్ళోనూ ఎవరూ తప్పలేదు."