మా బొందలగడ్డ సినిమా

తడి సిమెంటు వాసనకు ఇవాళ్టికీ నా పళ్లు బిగుసుకుంటాయి. హైదరాబాద్‌కు ఐటీ కంపెనీలు వస్తున్న రోజుల్లో, మొయినాబాద్ దగ్గరి మా ఊళ్లో సర్పంచి ఫాంహౌస్ కట్టుకుంటూ మా వాడ బొందలగడ్డను కూడా కలిపి గోడ పెట్టాడు. మా తాత సమాధి లోపలే ఉండిపోయింది. అక్కడ సమాధులే లేవని అధికారులకు చెప్పాడు.

ఈ సంగతి మీద డాక్యుమెంటరీ తీయడానికి పట్నం నుంచొచ్చిన ఒక అక్క అతన్ని కడిగేస్తుందనుకున్నాను. ఆమె మర్యాదగా, "అక్కడి సమాధులేమయ్యాయి సార్?" అంది. ఆమె సర్పంచికి అమ్ముడుపోయిందని నాకు ఒళ్లు మండింది.

అతను కెమెరాలోకి చూసి నవ్వాడు. "ట్రాక్టర్ పెట్టి దున్నిచ్చిన. ఎవడేం జేస్తడు?"

సినిమా పూర్తయ్యాక ఒక సాయంత్రం బడి గోడ మీద వేశారు. సర్పంచి దర్జాగా ముందు వరుసలో కూర్చున్నాడు. దున్నించానన్న అతని మాట వినగానే మావాళ్లు కట్టెలతో లేచారు. మా బాపు అడ్డం నిలబడ్డాడు.

"కూసోండ్రి. కొడితే రేపు నన్ను గొట్టిండ్రని ఆయనే ఏడుస్తడు. అక్కా, గా మాట మళ్ల ఎయ్యి."

వేసింది.

"జర సప్పుడు పెంచు బిడ్డా," అంది మా అవ్వ. "దొరకు ఇనవడ్తలేదేమో."

సర్పంచి తల దించుకున్నాడు. అధికారులకు చెప్పిన అబద్ధం తన నోటితోనే బయటపడ్డాక, గోడ కూల్చి బొందలగడ్డకు దారి ఇచ్చాడు. దున్నిన నేలలో తాత ఎక్కడున్నాడో మాకు దొరకలేదు. ఎవరి ఒంటి మీదా దెబ్బ పడకుండా గెలిచాం. అంతమాత్రాన క్షమించామని ఎవరూ అనుకోవద్దు.